ఆదిమూర్తికి సిగ్గు మంజూరైంది

షుగరు ఉన్న మగవాళ్లలో చాలామందికి మర్మాంగం చివర చర్మం వాచి, ఎర్రబడి, దురదా మంటా పుడతాయనీ, ఆ సంగతి డాక్టరుకు చెప్పకుండా నెలల తరబడి ఓర్చుకుంటారనీ రాజధానిలో ఎవరో అధ్యయనం చేసి తేల్చారు. ఎందుకు చెప్పరయ్యా అంటే సిగ్గు అని వచ్చింది. ఆ కాగితం పై అంతస్తులకు వెళ్లేకొద్దీ, పైకెళ్లే కాగితాలకు మామూలుగా జరిగేదే దానికీ జరిగింది. కింది అంతస్తులో 'వాపు, దానికి తోడు సిగ్గు' అని ఉన్నది మధ్య అంతస్తులో 'సిగ్గు, దానివల్ల వాపు' అయింది. పై అంతస్తుకు చేరేసరికి వాపు ఎగిరిపోయి సిగ్గు ఒక్కటే మిగిలింది. పురుష సిగ్గు నిర్మూలన మిషన్ అలా పుట్టింది.

మా జిల్లా ఆసుపత్రిలో ఆ మిషన్‌కు ఒక విభాగం పెట్టి నన్ను సూపరింటెండెంటుగా వేశారు. ఇన్నేళ్ల సర్వీసులో నాకు ఏసీ గది దొరకడం అదే మొదలు. కాబట్టి మిషన్ మీద ఈగ వాలితే నేను ఊరుకోను.

విభాగంలో దేనికీ లోటు లేదు. పాదాలు కూరుకుపోయే తివాచీ, పూల పరదాలు, ఒక సోఫా, ఆ సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడటానికి నిర్మల్ కుమార్ అనే కౌన్సిలరూ ఉన్నారు. ఒక బీరువా నిండా మేలురకం ఆయింట్‌మెంటు ట్యూబులు కూడా ఉన్నాయి. తాళం నా దగ్గర ఉంటుంది. అయితే మందు విషయంలో ఉత్తర్వు స్పష్టంగా ఉంది: 'మందు ముందుగా ఇచ్చినచో వ్యాధి తగ్గి సిగ్గు లోపలే నిలిచిపోవు ప్రమాదము గలదు. కావున సిగ్గు నిర్మూలన పూర్తయిన పిమ్మటే లబ్ధిదారునకు మందు అందజేయవలెను.' ఇలాంటి ట్యూబులు ఆసుపత్రి ఫార్మసీలో ఎక్కడున్నా మా బీరువాకు తరలించారు. డాక్టర్లు బయట కొనుక్కోమని చీటీ రాయడం నిషేధించారు.

"అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు" అని చర్మవ్యాధుల డాక్టరు హైమవతి గారు ఆ ఉత్తర్వు చదివి అన్నారు. ఆవిడకు మెమో ఇచ్చాం.

గేటు దగ్గర సినిమా పోస్టరంత బోర్డు పెట్టించాం. 'షుగరు వల్ల మర్మాంగంలో మంటా? సిగ్గుపడే పురుషులు ఇటు రండి' అని రాసి, కింద బాణం గుర్తు వేశాం. బాణం తిన్నగా మా గుమ్మాన్ని చూపిస్తుంది. మా గుమ్మం తిన్నగా ఆడవాళ్ల ఓపీ క్యూ ముందు ఉంటుంది. వారాలు గడిచినా ఒక్క పురుషుడు రాలేదు. జిల్లా సంచాలకులు కొప్పర్తి సదాశివరావు గారు తనిఖీకి వచ్చి, ఖాళీ సోఫాను చూసి చలించిపోయారు.

"చూశారా, జిల్లాలో సిగ్గు ఎంత తీవ్రస్థాయిలో పాతుకుపోయి ఉందో! బోర్డు పరిమాణం పెంచండి. లైట్లు పెట్టించండి" అన్నారు.

పెంచాం, పెట్టించాం. అంతకుముందు గేటు దాకా వచ్చి తచ్చాడేవాళ్లు కూడా రావడం మానేశారు.

ఇలా ఉండగా ఒక సోమవారం, ఓపీ కిటకిటలాడుతున్న వేళ, ఒక మనిషి కాళ్లు ఎడంగా వేసి నడుచుకుంటూ బాణం చూసుకుని మా గుమ్మం దగ్గరికి వచ్చాడు.

"ఏవండోయ్! ఆ బోర్డు మీద రాసిన మంట ఆఫీసు ఇదేనాండీ?"

పేరు పంపన ఆదిమూర్తి. కాలవ గట్టు మీద ఊరు. కొబ్బరి దింపు పని చేస్తాడు. చెట్టు మీంచి కిందివాళ్లతో మాట్లాడే వృత్తి కావడంతో గొంతు తగ్గించడం అతనికి అలవాటు లేదు.

"నాకండి, షుగరండి. ఒంటేలు పోసుకునే కాడ వాచిపోయి ఒకటే మంటండి బాబూ. దింపుకెల్తే చెట్టుని కావలించుకోవాలి కదండీ, అక్కడ తగిలిందంటే పేనం పోతందండి. మా ఊరి మందుల కొట్టు కుర్రోడు ఏదో టూబిత్తే రాశానండి. ఇంకా రేగిపోయింది. ఇంక కొట్టు మందు ఒద్దని మా ఆడది తిన్నగా ఇక్కడికే పంపిందండి."

క్యూ మొత్తం ఇటు తిరిగింది. నాకు చెమట పట్టింది.

"మెల్లిగా మాట్లాడవయ్యా. ఆడవాళ్లున్నారు" అన్నాను.

"ఉంటే ఏటండి? ఆళ్ల ఇళ్లల్లో మగోళ్లు లేరాండీ?"

క్యూలో నవ్వులు లేచాయి. ఒక పెద్దావిడ నవ్వు ఆపుకుని, "నిజమే నాయనా. మా ఆయనకీ ఇదే గోల. చెప్పడు, చావడు. నువ్వొచ్చావని చెప్పి రేపు తోలుకొత్తాను" అంది. సిగ్గు నిర్మూలన వంటి శాస్త్రీయమైన పని ఇలా క్యూలో నిలబడి జరిగేది కాదని చెప్పి ఆవిడను ముందుకు పంపించేశాను.

ఆదిమూర్తిని ముందు హైమవతి గారు చూశారు. పరదా లాగి, చేతికి గ్లవ్స్ వేసుకుని, కాసేపట్లో చూసేశారు. "నీ మూత్రంలో చక్కెర పోతోంది. చక్కెర ఉన్నచోట ఫంగస్ పెరుగుతుంది. అంతే, ఇందులో నీ తప్పేం లేదు" అని చెప్పారు. షుగరు మాత్రలు మార్చారు. రోజూ గోరువెచ్చని నీళ్లతో కడుక్కోమనీ, సబ్బు పెట్టొద్దనీ, తడి లేకుండా తుడుచుకోమనీ చెప్పారు. భార్యకు కూడా మంట ఉంటే ఆమెనూ తీసుకురమ్మన్నారు. ఆ తర్వాత నా వైపు తిరిగి, "ఈయనకు ట్యూబు ఇప్పుడే కావాలి. ఆలస్యమైతే చర్మం బిగుసుకుపోతుంది, వెనక్కి రాదు. అప్పుడు కోసి తీయాల్సిందే. కోశాక పుండు మానేదాకా ఈయన చెట్టెక్కలేడు" అన్నారు.

ఇవ్వడానికి నాకేం అభ్యంతరం? ఉత్తర్వుకు ఉంది. ఆదిమూర్తిని నిర్మల్ కుమార్ సోఫాలో కూర్చోబెట్టాడు. సిగ్గు ఎంత ఉందో కొలవడానికి ప్రశ్నలుంటాయి.

"మీ సమస్యను మీ శ్రీమతితో పంచుకోవడానికి సంకోచించారా?"

"ఆవిడేనండి ముందు సూసింది."

"మిత్రులతో?"

"టీ కొట్టు కాడ అందరికీ తెలుసండి. నేను సెప్పాక ఇంకో ఇద్దరు ఆళ్లకీ ఉందన్నారండి. నాకు మందిత్తే ఆళ్లనీ తోలుకొత్తాను."

"రాత్రిళ్లు దీన్ని తలుచుకుని కుమిలిపోతారా?"

"కుమిలితే తగ్గుద్దాండీ?"

నిర్మల్ కుమార్ లెక్క చూసి, మళ్లీ చూసి, నా దగ్గరికి వచ్చి చెవిలో చెప్పాడు. సిగ్గు సున్నా. మిషన్ నిబంధనల ప్రకారం లబ్ధిదారుడంటే సిగ్గుతో బాధపడే పురుషుడు. ఇతనికి సిగ్గు లేదు. లేనిదాన్ని నిర్మూలించడం కుదరదు. నిర్మూలించకపోతే మందు లేదు.

"అంటే సిగ్గుపడితేనే గానీ మందివ్వరాండీ?" అని ఆదిమూర్తి నన్ను అడిగాడు. వెటకారం లేదు. పద్ధతి తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడు.

"అంతేనయ్యా" అన్నాను.

సంచాలకుల వారికి విషయం నివేదించాం. ఆయన ధర్మసంకటంలో పడ్డారు. సిగ్గు లేనివాడికి సిగ్గు పద్దులోంచి మందిస్తే ఆడిట్ వాళ్లు ఊరుకోరు. పోనీ పంపించేద్దామా అంటే రాష్ట్రస్థాయి సమీక్ష దగ్గర పడింది, జిల్లా మొత్తానికి దొరికిన మనిషి ఇతనొక్కడే. కళ్లు మూసుకుని ఆలోచించి, తెరిచి, టేబుల్ మీద చరిచారు.

"పథకాన్ని రెండు దశలుగా అమలు చేద్దాం. మొదటి దశలో లబ్ధిదారునిలో సిగ్గును అభివృద్ధి పరుస్తాం. రెండో దశలో నిర్మూలిస్తాం. రోడ్డు వేయడం, తవ్వడం, మళ్లీ వేయడం మునిసిపాలిటీ వారు చేయడం లేదా? వారిని ఎవరైనా తప్పుపట్టారా?"

ఆ మర్నాటి నుంచి ఆదిమూర్తికి సిగ్గులో శిక్షణ మొదలైంది. తల ఎలా వంచుకోవాలో, మాట ఎక్కడ మింగాలో నిర్మల్ కుమార్ చేసి చూపించేవాడు. ఆదిమూర్తి చెప్పినట్టే తల వంచేవాడు. వంచి, "ఇంతేనాండీ? ఇంక టూబిచ్చేత్తారాండీ?" అని గదంతా మోగేలా అడిగేవాడు. పని మానుకుని బస్సు ఎక్కి వచ్చేవాడు, కాళ్లు ఎడంగా వేసుకుని తిరిగి వెళ్లేవాడు. ఆ నడక రోజురోజుకూ నెమ్మదించడం మేం గమనించకపోలేదు. నడకలో మార్పు వచ్చిందంటే సిగ్గు మొలకెత్తుతోందని నిర్మల్ కుమార్ రాసుకున్నాడు.

హైమవతి గారు ఇంకోసారి చూసి, "బిగుసుకోవడం మొదలైంది" అన్నారు. మాతో ఇంకే మాటా అనకుండా బయట కొనుక్కోమని చీటీ రాసి అతని చేతిలో పెట్టారు. ఈ మందు రాసింది కొట్టు కుర్రాడు కాదు, డాక్టరమ్మ కనక కొనుక్కోవడానికి అతను ఒప్పుకున్నాడు. తిన్నగా కొట్టుకు వెళ్లిపోతే కథ అక్కడితో అయిపోయేది. కానీ ఆదిమూర్తి మర్యాదస్తుడు. ఇన్నాళ్లూ సోఫాలో కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లకు చెప్పకుండా వెళ్లడం బాగోదనుకున్నాడు. చీటీ పట్టుకుని మా గదికి వచ్చాడు.

"అమ్మగారు కొనుక్కోమన్నారండి. కొనుక్కోమంటారాండీ?"

చీటీ తీసుకుని భద్రపరిచాం. హైమవతి గారిని అదే వారంలో కొండ ప్రాంతపు ఆసుపత్రికి డిప్యుటేషన్ మీద పంపించారు.

శిక్షణ వల్ల లాభం లేదని తేలాక సంచాలకులు ప్రజా భాగస్వామ్యం వైపు మళ్లారు. 'సిగ్గు అనేది సామాజిక ఉత్పత్తి. దాన్ని సమాజమే సమకూర్చాలి' అని టిప్పణి రాశారు. ఆదిమూర్తి ఊరి మొదట్లో స్వాగత తోరణం కట్టించాం. దాని మీద ఆదిమూర్తి నిలువెత్తు ఫోటో వేయించి, ఎక్కడ మంటో ప్రజలకు సందేహం రాకుండా ఎర్ర బాణం పెట్టించాం. పైన 'సిగ్గుపడకండి ఆదిమూర్తి గారూ! జిల్లా యంత్రాంగం మీ వెంటే ఉంది' అనీ, కింద 'చెబితే మానం పోతుంది, చెప్పకపోతే ప్రాణం పోతుంది' అనీ రాయించాం. హైస్కూలు పిల్లల చేత ర్యాలీ తీయించాం. పిల్లలు చాలా ఉత్సాహంగా పాల్గొన్నారు. 'ఆదిమూర్తి మంట' అని ఒకరంటే 'మనందరి మంట' అని మిగతావాళ్లు అనాలి. ర్యాలీ అయిపోయాక కూడా, అతను సైకిలు నడిపించుకుని వెళ్తుంటే వెనక నుంచి అనేవారు.

ఫలితాలు వేగంగా వచ్చాయి. టీ కొట్టులో అతనికి వేరే గ్లాసు పెట్టారు. అంటుకుంటుందేమోనని ఎవరో అన్నారట. తోటల యజమానులు దింపుకు వేరేవాళ్లను పిలవడం మొదలెట్టారు. అతను ఎక్కిన చెట్టు కాయలు గుడికి పంపాలంటే మనసొప్పడం లేదని ఒక పెద్దమనిషి మొహం మీదే చెప్పాడు. తమకూ ఉందని చెప్పిన ఆ ఇద్దరూ, అలాంటిదేం లేదని కొట్టు ముందు ఒట్టు పెట్టుకుని చెప్పారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

తర్వాత ఆదిమూర్తి మా గదికి వచ్చినప్పుడు మొదట నేను గుర్తుపట్టలేదు. తలగుడ్డ కళ్ల దాకా లాక్కుని, ఎవరూ లేనిది చూసి లోపలికి వచ్చాడు. సోఫాలో కూర్చోలేదు. వెంట అతని భార్య వీరవేణి ఉంది.

"ఏం ఆదిమూర్తీ, మంట ఎలా ఉంది?" అన్నాను.

అతను గోడ వైపు చూశాడు. "ఏ మంటండి?" అన్నాడు. ఆ గొంతులోంచి అంత చిన్న మాట వస్తుందని నేను అనుకోలేదు.

"రాత్రంతా ఏడుత్తన్నాడు బాబూ. నన్ను కూడా సూడనివ్వడం లేదు" అని వీరవేణి అంది. "ఊరుకోవే" అని ఆదిమూర్తి బయటికి వెళ్లిపోయాడు.

నిర్మల్ కుమార్ ప్రశ్నలు అడగాల్సిన పని కూడా లేకపోయింది. చూసి లెక్క వేశాడు, పూర్తి మార్కులు. ఆనందం పట్టలేక నా చేతులు పట్టుకున్నాడు. సంచాలకులు ఫోనులోనే అభినందించారు. ఆదిమూర్తికి సిగ్గు మంజూరైంది. సిగ్గుతో బాధపడే పురుషుడిగా అర్హత పొందాడు గనక సోమవారం వచ్చి నిర్మూలన చేయించుకుని, ఫోటో దిగి, ట్యూబు తీసుకోవచ్చని కబురు పంపాం.

సోమవారం రాలేదు. మరో సోమవారమూ రాలేదు. సిగ్గుపడేవాడు ఆసుపత్రికి రాడని అధ్యయనంలో మొదటి వాక్యమే చెబుతోంది కాబట్టి అధ్యయనం నిజమని మరోసారి రుజువైంది. కానీ సమీక్ష ఇంకెంతో దూరంలో లేదు. చివరికి సంచాలకులే స్వయంగా బయలుదేరారు. మైకు కట్టిన వ్యానులో ఆయన, నిర్మల్ కుమార్, ఫోటోగ్రాఫరు, జేబులో ట్యూబుతో నేను.

కాలవ గట్టు దారి వ్యాను పట్టేంత మాత్రమే ఉంది. ఊరి మొదట్లోనే సంచాలకులు మైకు అందుకున్నారు.

"పంపన ఆదిమూర్తి గారికి విజ్ఞప్తి! మీరు సిగ్గు విషయంలో పూర్తి అర్హత సాధించి ఉన్నారు. దాచుకోవద్దు. మీ మర్మాంగ సమస్యకు ప్రభుత్వం మందు తీసుకొని మీ ముంగిటకు వచ్చింది. ఎక్కడ ఉన్నా వెంటనే వచ్చి అందుకోవాల్సిందిగా కోరుతున్నాం!"

ఊరు ఊరంతా గట్టు మీదికి వచ్చేసింది. తోటలో ఎవరో కేక పెట్టారు. చూస్తే ఆదిమూర్తి ఒక పొడుగాటి కొబ్బరి చెట్టు ఎక్కేస్తున్నాడు. కాళ్లకు తాడు కూడా వేసుకోలేదు. చెట్టును కావలించుకుంటే ప్రాణం పోతుందన్న మనిషి, ఎక్కడా ఆగకుండా, పళ్లు బిగబట్టి, చిటారున మొవ్వు దాకా వెళ్లిపోయాడు. అక్కడ మట్టల మధ్య దూరి కూర్చున్నాడు.

వ్యాను గట్టు మీదే చెట్టుకు దగ్గరగా పోనిచ్చాం. సంచాలకులు మైకు పైకెత్తారు.

"ఆదిమూర్తి గారూ! సిగ్గుపడకండి! అందరి సమక్షంలో చెప్పండి, మీకు ఎక్కడ మంట?"

ఆదిమూర్తి మట్టలు ఇంకా దగ్గరికి లాక్కున్నాడు.

"చెప్పండి! సమాజం వినడానికి సిద్ధంగా ఉంది!"

సమాజం మెడలు పైకెత్తి చూస్తోంది. పిల్లలు 'మనందరి మంట' మొదలెట్టారు. అప్పుడు మట్టల్లోంచి ఆ పాత గొంతు, కాలవ అవతలి గట్టుకు కూడా వినపడేలా, విరుచుకుపడింది.

"నాకేం లేదండీ! ఏ మంటా లేదు! నాకు తగ్గిపోయింది! మీకు దండం పెడతాను, ఎల్లిపోండి!"

సంచాలకులు మైకు దించారు. ఆయన కళ్లు చెమర్చాయి.

"విన్నారా? లబ్ధిదారుడు వ్యాధి నయమైనట్టు ఇంతమంది సాక్షుల ఎదుట, ఏ సంకోచమూ లేకుండా, ఎలుగెత్తి ప్రకటించాడు. సిగ్గుపడేవాడు ఇలా అరవగలడా? ఏకకాలంలో రెండూ నిర్మూలించాం. రాసుకోండి."

నిర్మల్ కుమార్ రాసుకున్నాడు. ఫోటోగ్రాఫరు చెట్టును తీశాడు.

గట్టు మీద వ్యాను తిప్పుకోవడానికి చోటు లేదు. డ్రైవరు వెనక్కే నడపడం మొదలెట్టాడు. వీరవేణి మా పక్కనే నడుస్తూ వచ్చి నా కిటికీ పట్టుకుంది.

"ఆ టూబు నాకిచ్చెయ్యండి బాబూ. ఎవరికీ సెప్పను. ఆయన పడుకున్నాకయినా రాత్తాను. ఇప్పుడు ఒంటేలుకి కూడా రావడం లేదు బాబూ, సుక్కలు సుక్కలుగా పడతంది."

నా చెయ్యి జేబులోకి వెళ్లింది. సంచాలకుల వారి వైపు చూశాను.

"కోలుకున్న వ్యక్తికి మందు ఇవ్వడం ఆడిట్ అభ్యంతరం అవుతుంది" అన్నారాయన, ఎంతో మృదువుగా.

చెయ్యి బయటికి తీశాను, ఖాళీగా. నాకు చాలా బాధేసింది. అయినా వ్యాను నడుస్తూనే ఉంది, నేను దిగలేదు. వీరవేణి కిటికీ వదిలేసి తోటలోకి పరుగెత్తింది. వెనక్కి నడిచే వ్యానులో ముందుకు చూస్తూ కూర్చున్నవాడికి, వదిలేసి వచ్చినదంతా కళ్లెదుటే ఉంటుంది. అందుకే అంతా చూశాను, విన్నాను.

"ఎల్లిపోయారా?" అని ఆదిమూర్తి పైనుంచి అడిగాడు.

"ఎల్లిపోతన్నారు. దిగయ్యా, ఇంటికి పోదాం."

"మరి ఊళ్లోవోళ్లు?"

వీరవేణి చుట్టూ చూసింది. చెట్టు చుట్టూ ఊరంతా తలలెత్తి నిలబడే ఉంది. అతను చెట్టును కావలించుకుని ఎలా దిగుతాడో చూడాలని ఉన్నట్టుంది వాళ్లకు. ఆవిడ చీరకొంగు నడుముకు దోపుకుని, "ఏం సూత్తన్నారు? మీ ఇళ్లల్లో మగోళ్లు లేరా?" అని అరిచింది. ఎవరూ నవ్వలేదు, కదలలేదు. గుంపులో ఉన్న మగాళ్లు మాత్రం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకోకుండా నేల చూపులు చూశారు.

"ఉన్నారయ్యా" అని తలెత్తి మొగుడికి చెప్పింది.

వ్యాను మలుపు తిరిగేదాకా చూశాను. ఆదిమూర్తి దిగలేదు.